పది కోట్ల ఏడు

మొన్న అటక దులుపుతుంటే రెండు పాత నోటుపుస్తకాలు దొరికాయి. రెండింటి అట్ట మీదా ఒకటే సంఖ్య: 10,00,00,007. మా మనవరాలు దాన్ని ఫోనులో కొట్టి, రెప్పపాటులో, "ప్రైమ్ నంబరే తాతయ్యా, దేనితోనూ తెగదు" అంది. నేను నిచ్చెన మెట్టు మీదే కూర్చుని అట్టల మీది దుమ్ము తుడిచాను.

అవి మా మావయ్యవి. కొత్తపేట చుట్టుపక్కల తోటల్లో దింపిన కొబ్బరికాయలు లెక్కపెట్టడం ఆయన పని. చేతికి రెండేసి విసురుతూ, నూటికొక కాయ ఆనవాలుగా పక్కన పెడుతూ, ఎవరు పలకరించినా తల తిప్పేవారు కాదు. తేడా వచ్చిందన్న అనుమానం కలిగితే సవరించడం ఉండదు; రాశి కలిపేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలు. చదువు ఐదో తరగతితో ఆగింది. నేను అమలాపురం కాలేజీలో లెక్కల మేష్టర్నయ్యాక, ఓ ఆదివారం వచ్చి, "ఏమోయ్ మేష్టారల్లుడూ, ఎన్ని వరసలుగా పేర్చినా ఎంతో కొంత మిగిలిపోయే రాశుంటాదా?" అని అడిగారు. ఉంటుందని, దాన్ని ప్రధాన సంఖ్య అంటారని చెప్పాను. పరీక్షించడానికి పది కోట్ల ఏడుని ఆయనే ఎంచుకున్నారు. "పది కోట్లు షావుకారువి, ఏడు కాయలు మీ అత్తయ్య పచ్చడికి" అని నవ్వారు. పదివేల లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. తెగేదైతే ఆలోపే తెగుతుంది. అవి పన్నెండు వందల ఇరవై తొమ్మిది. పట్టిక రాసిచ్చాను.

ఏడాది తిరిగేసరికి పుస్తకం నింపి తెచ్చారు. "ఏదీ తెగలేదల్లుడూ. ఓసారి సూడు."

నెల రోజులు అది నా బల్ల సొరుగులోనే ఉంది. ఒకరోజు పీచు అంటుకున్న పంచెతో నేరుగా స్టాఫ్‌రూముకి వచ్చేశారు. "మీ శిష్యుడాండీ?" అన్నాడు పక్క లెక్చరరు. అందరూ నవ్వారు. ఆయన్ని త్వరగా పంపించేయాలని, పుస్తకం తీసి చేతిలో పెట్టి, "ఎక్కడో తేడా ఉంది మావయ్యా" అన్నాను. నేను దాన్ని తెరిచి కూడా చూడలేదు.

"ఆయ్" అన్నారు. ఎక్కడని అడగలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మూడో ఏడు ఆయన పోయారు. అత్తయ్య రెండు పుస్తకాలు నా చేతికిస్తూ, "తప్పుందన్నావంట కదా నాయనా. మళ్ళీ మొదట్నించీ ఏసేరు. కళ్ళు ఆనకపోయినా ఆపలేదు" అంది. తెరిచే ధైర్యం లేక వాటిని అటకెక్కించాను.

ఇన్నేళ్ళకు తెరిచాను. రెండో పుస్తకంలో ఆఖరి వరస: 7919తో భాగిస్తే శేషం 6794. అది వెయ్యో ప్రధాన సంఖ్య. ఇంకా రెండు వందల ఇరవై తొమ్మిది ఉండగా చెయ్యి ఆగిపోయింది. మొదటి పుస్తకంలో అదే వరస వెతికాను. అక్కడా 6794.

మిగిలినవి నేను పూర్తి చేద్దామనుకున్నాను. కానీ ఒకరి లెక్క మధ్యలో ఇంకొకరు అందుకోవడం ఆయన పద్ధతి కాదు. కొత్త పుస్తకం తెచ్చి రెండుతో మొదలుపెట్టాను. శేషం ఒకటి. "ఇంకా చూడలేదు మావయ్యా" అనడానికి ఆ రోజు ఒక్క క్షణం చాలేది. ఇప్పుడు నాకు మిగిలిన ఏళ్ళన్నీ పోసినా ఆ క్షణానికి సరిపోవు.