పైకెక్కాక నీళ్ళు తాగని మనిషి

మా నాన్న మేడల బయటి గోడలకు రంగులు వేసేవాడు. మా పనిలో లోపలి గదుల వాళ్ళు వేరు, బయటి గోడల వాళ్ళు వేరు. నేను లోపలివాణ్ణి. సీలింగుకు రోలర్ తిప్పీ తిప్పీ మెడ పట్టేస్తే నిచ్చెన దిగి కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. ఒక్కోసారి ఆ కిటికీ అవతల ముందు నాలుగు పాదాలు దిగేవి, తర్వాత ఒక పలక, ఆ తర్వాత రెండు మొహాలు. ఒక మొహం నన్ను చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించేది. అది మా మావయ్య, అమ్మ తమ్ముడు. రెండో మొహం గోడను తప్ప దేన్నీ చూసేది కాదు. అది మా నాన్న.

ఆ పలక సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మేడ మీది పిట్టగోడకు బిగించిన రెండు కప్పీల్లోంచి రెండు తాళ్ళు దిగుతాయి. పలకకు ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి కట్టి ఉంటాయి. ఒక్కో తాడు రెండో చివర కప్పీ మీదుగా తిరిగి కిందికొచ్చి, ఆ కొసన కూచున్నవాడి చేతిలో ఉంటుంది. మనుషులిద్దరూ గోడవైపు తిరిగి, కాళ్ళు గాల్లో వేలాడేసుకుని కూచుంటారు. ఎవరి తాడు వాళ్ళే వదులుకుంటూ దిగాలి. ఇద్దరూ ఒకేసారి, ఒకే మేర. ఒకడు తొందరపడితే పలక ఒరుగుతుంది. పెళ్ళయిన కొత్తలో మేస్త్రి నాన్నకు ఎవణ్ణో జతచేస్తే అమ్మ ఊరుకోలేదట. "ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తాడు వదిలేస్తే నా గతేంటి?" అని తమ్ముణ్ణి తీసుకొచ్చి రెండో కొసన కూచోబెట్టింది. అప్పట్నుంచి ఆమె మొగుడూ తమ్ముడూ ఒకే పలక మీద వేలాడారు.

మావయ్యను పనివాళ్ళందరూ రేడియో అనేవాళ్ళు. పొద్దున పలక ఎక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా ఆగకుండా మోగేవాడు. నాన్న దానికి తగ్గ శ్రోత. ఊ అనేవాడు, ఊహూ అనేవాడు, మరీ నవ్వొస్తే కుంచె కాసేపు ఆపేవాడు. "మా బావ దగ్గర మాటలు లేక కాదు అల్లుడూ, తడవకుండా దాచుకున్నాడు," అనేవాడు మావయ్య నాతో.

నాన్నకు సిగ్గెక్కువ. పెళ్ళాం ముందు కూడా చొక్కా విప్పేటప్పుడు అటు తిరిగేవాడు. అలాంటి మనిషికి పరాయి కిటికీల ముందు వేలాడే పని దొరికింది. లోపల ఎవరో తల దువ్వుకుంటూ ఉంటారు, ఎవరో ఏడుస్తూ ఉంటారు, ఎవరో పిల్లాణ్ణి తంతూ ఉంటారు. నాన్న వాళ్ళను చూడకుండా ఉండటం నేర్చుకున్నాడు. అయితే వాళ్ళు తనను చూడకుండా ఎలా ఆపగలడు?

పలక మీద ఒంటేలు వస్తే పెద్ద గొడవ. ఒకడి కోసం ఇద్దరూ నేలదాకా దిగాలి, మళ్ళీ ఇద్దరూ తమ బరువు తామే పైకి లాక్కోవాలి. ఈలోగా మేస్త్రి కిందనుంచి అందుకుంటాడు: "ఏం దొరలూ, షికారుకొచ్చారా?" మావయ్య తనవైపు ఒక ఖాళీ రంగు డబ్బా పెట్టుకునేవాడు. అవసరమైతే కిటికీలు లేనిచోట కాస్త పక్కకు తిరిగి పని కానిచ్చేవాడు. నాన్నవల్ల అది కాలేదు. అందుకని ఆయన తేలిక మార్గం కనిపెట్టాడు. పలక ఎక్కేముందు నీళ్ళు తాగడు. ఎక్కాక అసలే తాగడు. ఎండ నడినెత్తికొచ్చి గోడ పెనంలా కాలుతున్నా సరే. "ఇతను మధ్యలో ఒక్కసారైనా దిగాడేమో అడగండి," అని మేస్త్రి కొత్తవాళ్ళకు ఆయన్ను చూపించేవాడు. ఆ మాటకు నాన్న మొహం వెలిగేది. ఆయన జీవితంలో దొరికిన బిరుదు అదొక్కటే. నాకు ఒళ్ళు మండేది.

మొదట పిక్కలు పట్టేయడం మొదలైంది. ఓ సాయంత్రం పెరట్లో రాయి మీద కూచుని కిరసనాయిలు గుడ్డతో చేతుల రంగు వదిలించుకుంటూ, ఉన్నట్టుండి "అమ్మా" అని పక్కకు ఒరిగిపోయాడు. కుడి పిక్కలో కండ ముద్దకట్టి, చర్మం కింద ఏదో జంతువు దూరినట్టు కదులుతోంది. పాదం కిందికి వంగి కొయ్యబారిపోయింది. నేను ఆ ముద్దను పట్టుకుని పిసకబోతే నాన్న కేక పెట్టాడు.

"పిసక్కురా, వెధవా!" అని మావయ్య నన్ను తోసేశాడు. నేలమీద చతికిలబడి, నాన్న మోకాలు చాపించి, మడమ తన తొడమీద పెట్టుకుని, కాలివేళ్ళను నెమ్మదిగా మోకాలివైపు నెట్టాడు. "ఊపిరి బిగబట్టకు బావా. వదులు. నీ కాలేగదా, ఎక్కడికీ పారిపోదు. ఇంకాస్త... అదీ."

ముద్ద కరిగింది. అమ్మ వేడినీళ్ళలో పిండిన తువ్వాలు తెచ్చి పిక్కకు చుట్టింది.

"పైన కూడా ఇలా వస్తోందా?" అని అడిగింది.

"పైనెందుకొస్తుందే? ఎప్పుడో ఇలా కూచున్నప్పుడు," అన్నాడు నాన్న.

అమ్మ తమ్ముడివైపు చూసింది. రేడియో మోగలేదు.

పాతకాగితాల కొట్లో ఏది దొరికితే అది చదివే అలవాటు నాకు. బొమ్మలు పోయిన పత్రికలు, మొదలుంటే చివర లేని నవలలు, ఎవరికీ అక్కర్లేని ఆరోగ్య పుస్తకాలు. వాటిలో ఒకదాంట్లో కండరాలు పట్టేయడం గురించి ఉంది. ఎండలో చెమటోడ్చేవాళ్ళకు ఒంట్లో నీళ్ళూ ఉప్పూ తగ్గితే ఇలా అవుతుందట. నీళ్ళు తాగాలట, మధ్యమధ్య లేచి కాళ్ళు చాచాలట, పని ఆపి విశ్రాంతి తీసుకోవాలట. వేలాడే పలక మీద లేచి ఎక్కడికి నడవాలో రాసినాయన రాయలేదు. అయినా నీళ్ళ సంగతి మాత్రం నిజమనిపించింది. అమ్మకు చదివి వినిపించాను.

మర్నాటినుంచి అమ్మ ఒక పెద్ద సీసా నిండా నీళ్ళు పోసి, ఉప్పు, పంచదార, కాస్త నిమ్మరసం కలిపి నాన్న సంచిలో పెట్టేది. "తాగకపోతే నా మీద ఒట్టే," అనేది.

"బావా, నీళ్ళిచ్చిన అక్క డబ్బా ఇవ్వడం మర్చిపోయింది. నా డబ్బాలో వాటా ఇస్తాలే, అద్దె కట్టక్కర్లేదు," అనేవాడు మావయ్య.

"నోర్ముయ్యరా," అనేవాడు నాన్న, చెవులు ఎర్రబడి.

సాయంత్రం సీసా ఖాళీగా వచ్చేది. అమ్మ దాన్ని తలకిందులు చేసి చూసి సంతోషపడేది. కానీ పిక్కలు పట్టేయడం ఆగలేదు. తొడలకూ పాకింది. చివరికి చేతివేళ్ళు కూడా. అన్నం ముద్ద నోటిదగ్గరికి వెళ్ళేలోగా బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయేది. నాన్న ఎడంచేత్తో దాన్ని విప్పదీసుకుంటూ నవ్వబోయేవాడు.

"నీ పుస్తకాల వైద్యం తగలెయ్య!" అంది అమ్మ నాతో. "సీసాడు తాగుతున్నా తగ్గలేదు. ఎవడో కూచుని రాశాడు, నువ్వు కూచుని చదివావు."

నేను ఆ పుస్తకాన్ని తిరిగి పాతకాగితాల కొట్లో పడేశాను. అచ్చులో ఉన్న ప్రతి మాటమీదా నాకు కోపం వచ్చిన రోజులవి.

ఓ సెలవునాడు నాన్న బజారుకు వెళ్ళినప్పుడు అమ్మ తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది. నేను గుమ్మంలో చెప్పు కుట్టుకుంటున్నాను.

"ఒరేయ్, నిజం చెప్పు. పైన వస్తోందా, లేదా?"

మావయ్య కాసేపు గోడకు ఉన్న పెచ్చు గిల్లాడు. "వస్తోందక్కా."

"వస్తే ఏం చేస్తున్నారు?"

"నేను నా తాడు కట్టేసి ఆగుతాను. బావ పాదం గోడకు తన్నిపట్టి, మడమ కిందికి నొక్కుతాడు. తగ్గాక దిగుతాం. కిందనుంచి చూసేవాడికి కబుర్లు చెప్పుకుంటున్నట్టుంటుంది. అందుకే మేస్త్రి నన్ను తిడతాడు."

"దిగేటప్పుడు వస్తే? తాడు చేతిలో ఉన్నప్పుడు?"

మావయ్య మళ్ళీ ఆ పెచ్చునే గిల్లసాగాడు.

"నువ్వు ఆయనతో ఎక్కకు," అంది అమ్మ. "ఇద్దర్నీ ఒకే పలక మీద పెట్టింది నేనే. నువ్వు దిగిపో. నువ్వు దిగితే ఆయనకీ బుద్ధొస్తుంది."

"రాదు. ఇంకొకణ్ణి ఎక్కించుకుంటాడు. వాడికి ఆగడం తెలియదు. బావ పాదం గోడకు తన్నాడంటే ఏమిటో వాడికేం తెలుసు? వాడు తన తాడు వదిలేస్తాడు." మావయ్య లేచి చేతులు దులుపుకున్నాడు. "నేనున్నంతసేపూ నీ మొగుడికేం కాదు. ముందు వంట చూసుకో. మాడుతోంది."

నిజంగానే ఏదో మాడుతోంది.

నేను ఆ రోజే నాన్నతో చెప్పాను, లోపలి పనికి రమ్మని. "నిచ్చెన కింద నేను నిలబడతాను. కావలసినప్పుడు దిగు, తాగు, కాళ్ళు చాచుకో."

"ఈ మేడ అయిపోనీరా," అన్నాడు. "సగం గోడ వదిలేసి వెళ్ళానంటారు."

ఆ మేడ పూర్తి కాలేదు. ఓ మధ్యాహ్నం, మంచి ఎండలో, ఒక అంతస్తు కిందికి దిగుతున్నారు. నాన్న తొడ పట్టేసింది. ఒళ్ళంతా ఒక్కసారి నిటారుగా బిగుసుకుంది. దాంతోపాటే వేళ్ళు. బిగుసుకున్న వేళ్ళు తాడు మీద ఉంటే బాగుండేది. కానీ తాడు పట్టు మార్చుకుంటున్న క్షణమది. వేళ్ళు ఖాళీగా ముడుచుకున్నాయి. తాడు జర్రున పైకి పాకింది. పలక నాన్నవైపు కూలింది.

మావయ్య తన తాడును పలక కొసనున్న కొక్కేనికి ఒక్క చుట్టు చుట్టి, వాలిన పలక మీద జారుతూ వచ్చి, పరుగెడుతున్న ఆ తాడును రెండు చేతులా పట్టుకున్నాడట. తాడు ఆగలేదు. ఆయన అరచేతుల్లోంచి చాలాదూరం పోయాక ఆగింది. నేను లోపల కేకలు విని కిటికీలోంచి తల బయటపెట్టేసరికి, పలక ఏటవాలుగా వేలాడుతోంది. నాన్న దాని కొసను కౌగలించుకుని ఉన్నాడు. మావయ్య చేతులనుంచి నెత్తురు తాడుమీదుగా మోచేతులదాకా కారుతోంది. కొత్తగా వేసిన లేతపసుపు గోడంతా చుక్కలు.

ఆ అంతస్తు కిటికీలోంచి ఒకావిడ నాన్న చొక్కా పట్టుకుని లాగింది. ఆవిడ కొడుకు నాన్న నడుము పట్టుకున్నాడు. వెనకే మావయ్యనూ లోపలికి లాగారు. లోపల పడ్డాక నాన్న అడిగిన మొదటి మాట "నీళ్ళు" అట. ఆవిడ చెంబుతో ఇస్తే, అందరూ చూస్తుండగా, గటగటా తాగి మళ్ళీ చెంబు చాచాడట.

మావయ్యను ఆస్పత్రిలో చేర్చాం. చేతులకు బంతుల్లా కట్లు. అమ్మ ఆయన నోట్లో చెంచాతో ఏదో పోస్తోంది. నాన్న వరండాలో ఉన్నాడు, లోపలికి రాలేదు.

"అక్కా, ఒక మాట చెప్తాను, తిట్టకు," అన్నాడు మావయ్య. "బావ నీ నీళ్ళు ఒక్కరోజు కూడా తాగలేదు. రంగు డబ్బాలో పోసి కలిపేసేవాడు. నీతో చెప్తే రేపట్నుంచి నాతో ఎక్కనన్నాడు. అందుకని చెప్పలేదు."

అమ్మ చెంచా పక్కన పెట్టింది. చాలాసేపు తమ్ముడి కట్లవైపు చూసింది. తర్వాత వరండాలోకి వెళ్ళింది. తిడుతుందనుకున్నాను. వెళ్ళి నాన్న పక్కన బెంచీమీద కూచుంది. ఇద్దరూ ఎదురుగోడను చూస్తూ కూచున్నారు.

చర్మం మానింది కానీ మావయ్య వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. గరిట పట్టగలడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. ఇప్పుడొక రంగుల దుకాణం ముందు కూచుని, వచ్చినవాళ్ళకు లోపలికి దారి చూపిస్తాడు. నాన్న పలక ఎక్కడం మానేశాడు. నేలమీద నిలబడి ప్రహరీగోడలకు, గేట్లకు రంగు వేస్తాడు. పక్కన నీళ్ళ సీసా ఉంటుంది. అమ్మ చెప్పక్కర్లేదు, తనే నింపుకుంటాడు. తాగుతాడు, పని ఆపి గోడచాటుకు వెళ్ళొస్తాడు, పాదం గోడకానించి పిక్క చాస్తాడు. కాళ్ళు పట్టేయడం దాదాపు పోయింది. నాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఇదే. ఇంత చిన్నది. సీసాడు నీళ్ళు, కాస్త సిగ్గు చంపుకోవడం.

మేస్త్రి ఒకసారి మా ఇంటికొచ్చాడు. "కాళ్ళు బాగయ్యాయటగా. పెద్ద మేడ తగిలింది. మంచి కుర్రాణ్ణి జతచేస్తా, రా."

"నేను ఎక్కను," అన్నాడు నాన్న. మేస్త్రి ఇంకా ఏదో అనబోతే లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మొన్న మావయ్య వచ్చాడు. అదివరకు ఆయన వస్తే ఇల్లు అదిరేది. ఇప్పుడు నాన్న కుర్చీ తెచ్చి వేస్తాడు, ఫ్యాను ఆయనవైపు తిప్పుతాడు, పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళకు చేసినట్టు మర్యాదలు చేస్తాడు. ఒరే అని పిలవడు. మావయ్యకది ముళ్ళమీద కూచున్నట్టుంటుంది. ఎలాగైనా పాత బావను బయటికి లాగాలని ప్రతిసారీ ఏదో ఒకటి కదుపుతాడు.

అమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. మావయ్య రెండు అరచేతుల మధ్య గ్లాసును ఒత్తిపట్టి ఎత్తాడు. నాన్న తన గ్లాసు అప్పటికే ఖాళీ చేసి ఇంకోటి పోసుకుంటున్నాడు.

"అబ్బో, తాగు బావా, తాగు," అని నవ్వాడు మావయ్య. "ఊళ్ళో నీళ్ళన్నీ నువ్వే తాగేస్తున్నావు. ఈ దాహమేదో కాస్త ముందే వేసుంటే..."

మిగతాది ఆయన నోట్లోనే ఆగిపోయింది. నాన్న గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాడు.

"ఊరికే అన్నానురా," అన్నాడు మావయ్య నాతో. "నీకు తెలుసుగా, ఊరికే అన్నాను. పోయి పిలుచుకురా."

వెళ్ళాను. వీధి చివర, మూసేసిన కొట్టు అరుగుమీద కూచుని ఉన్నాడు.

"మావయ్య పిలుస్తున్నాడు."

"వస్తున్నానని చెప్పు."

చెప్పాను. మావయ్య పొద్దువాలేదాకా గుమ్మంవైపు చూస్తూ కూచున్నాడు. తర్వాత అమ్మ ఆయన చొక్కా పైగుండీ ఊడితే పెట్టింది. ఆయన వీధి రెండో చివరనుంచి వెళ్ళిపోయాడు, నాన్న కూచున్న దారి కాకుండా.