మైకు వీపు

ఒక మనిషి పాటను ఈ లోకంలో లేకుండా చేయడానికి ఎంత కష్టపడాలో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. ఒక శనివారం పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ముగించాను. చెబుతాను, నవ్వుకోండి. మా అత్త కూడా నవ్వింది.

అప్పుడు మేము రేపల్లెలో ఉండేవాళ్ళం. మా అత్త మరియమ్మ నాట్లలో పాటగత్తె. ఆవిడ గొంతెత్తితే పక్క చేలో కూలీలు కూడా మా వరసకే నడుం వంచేవాళ్ళు. ప్రభువు మీద, వాన మీద, చివరి భూములకు నీళ్ళు వదలని కాలవ లాకు మీద పాటలు సొంతంగా కట్టేది. అవి ఏ కాగితం మీదా లేవు. ఆవిడకీ అక్షరం రాదు, నాకూ రాదు. పాటలన్నీ ఉన్నది ఆ ఒక్క గొంతులో. ఆ గొంతులోనే పుండు లేచింది. "సోమవారం ఆపరేషను. ఆ తర్వాత మాట రాదమ్మా" అన్నాడు గుంటూరు డాక్టరు. శనివారం సాయంత్రం బస్సుకి వెళ్ళి చేరాలి.

మా ఆయన స్నేహితుడు సామ్యేలు తెనాలిలో చర్చి పాటల క్యాసెట్లు చేసేవాడు. సంగతి వినగానే టేపురికార్డరు, స్టాండు, తీగల సంచి మోసుకుని వచ్చాడు. మైకును మాత్రం పురిటిబిడ్డలా గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

"కండెన్సర్ మైకు అక్కా. మీటింగుల్లో పెట్టే రకం కాదండి. చీమ తుమ్మినా పడుద్ది."

"మీ బావ గురక పెడితే?"

"పగిలిపోద్దండి."

అత్త మంచం ముందు స్టాండు నిలబెట్టి, మైకును ఆవిడ వైపు తిప్పాడు. "మైకు నెత్తిమీద పాడకూడదత్తమ్మా. పక్కనుంచి పాడాలి" అని ఆవిడకి చెప్పి, నా వైపు తిరిగాడు. "కదపమాకండక్కా. కదపాల్సొస్తే కంపెనీ పేరున్న వైపు అత్తమ్మకి ఉండాలి. రెండో వైపు దీనికి చెవుడు. గోడలకి దుప్పట్లు కట్టి, ఈ ఎర్ర మీట నొక్కండి, చాలు." బాపట్లలో పెళ్ళి రికార్డింగు ఉందని, ఆ మాట మీదే బస్సెక్కాడు.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. మా ఇంట్లో ఆ శని కోడలి చేతుల్లో కాపురముంది. దుప్పట్లు కట్టమంటే బొంతలు, గోనెసంచులు, నా చీరలు, చివరికి మా ఆయన పంచె కూడా కట్టాను. గోడ గడియారం తీసి బియ్యం డబ్బాలో పెట్టాను.

"ఏమే, పాడమన్నావా, ఊపిరాడకుండా చంపుదామనుకున్నావా?" అంది అత్త.

"గంటసేపు ఓర్చుకో అత్తా."

"గొంతు కోయించుకోటానికి గుంటూరు దాకా ఎందుకే. నువ్వు చాలవూ?"

ఇంతలో ఎదురుగా ఉన్న బియ్యం మిల్లు మొదలైంది. ఇక ఆ గదిలో లాభం లేదు. బొంతలతో సహా లోపలి గదిలోకి మారాం. స్టాండు ఎత్తుకెళ్ళి దింపి చూస్తే మైకు రెండు వైపులా రాత ఉంది. ఒక వైపు వెండి రంగులో చిటికెడు, రెండో వైపు అంటించిన కాగితం మీద బోలెడు. మా వాళ్ళలో పేరంటే ఇంటిపేరు, తాత పేరు, జ్ఞానస్నానం పేరు కలిపి బారెడుంటుంది. కాబట్టి బోలెడు రాత ఉన్నదే పేరని తేల్చాను.

పక్కింట్లో టీచరుగారున్నారు. కేకేస్తే వచ్చి చెప్పేవారు. కానీ పదేళ్ళుగా ఆవిడ ముందు పేపరు పట్టుకుని, చదివినట్టు తలాడించిన దాన్ని. ఆ పరువు ఏం కావాలి? కాగితం వైపు అత్తకి తిప్పి, ఎర్ర మీట నొక్కి, మైకుకి ఇవతల, అత్తకి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మా అత్త గంటసేపు మైకు వీపుకి ఊదింది. ఎంత బాగా పాడిందో. నాకు ఏడుపు ఆగలేదు. మధ్యలో మంచినీళ్ళ కోసం లేచి నా వైపు వచ్చి, ఒక మాట అని, మళ్ళీ వెళ్ళి పాడింది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

మూడు వారాలకు అత్త మెడకు కట్టుతో, మాట లేకుండా ఇంటికొచ్చింది. అత్త వచ్చాకే విందామని సామానుతో పాటు తీసుకెళ్ళిన క్యాసెట్టును సామ్యేలు తెచ్చి పెట్టాడు. అందరం చుట్టూ కూర్చున్నాం. ముందు గేదె కుడితి తాగుతున్న చప్పుడు వచ్చింది.

"ఈ గేదె ఎవరిదే?" అన్నాడు మా ఆయన.

అది నా ముక్కు. తర్వాత నా గాజులు. తర్వాత నేనే, "బాగా వస్తంది అత్తా, పాడు" అని. అత్త పాట ఎక్కడో కాలవ అవతలి గట్టు మీద ఉంది. రాగం ఉందనిపిస్తోంది గానీ ఒక్క మాటా చేతికి దొరకడం లేదు. సామ్యేలు ఎంత పెంచితే నా ముక్కు అంత పెరిగింది.

"అక్కా, స్టాండు కదిపారా?" అన్నాడు మెల్లగా.

అంతలోనే, గది మధ్యలో నిలబడి మాట్లాడినట్టు అత్త గొంతు వచ్చింది.

"ఏడవమాకే, పిచ్చిదానా. గొంతు పోతే నిన్ను తిట్టేదెవరా అనా? చేతులున్నయ్యిగా, చేతుల్తో తిడతా."

అత్త చెయ్యి మెడ మీది కట్టు దగ్గరకి వెళ్ళింది. కాసేపటికి భుజాలు కదిలాయి. నవ్వుతోంది, చప్పుడు లేకుండా. నన్ను చూపించి, ముక్కు చీదినట్టు చేసి, గాల్లోనే చెంపమీద ఒకటిచ్చింది. అన్న మాట నిలబెట్టుకుంది. ఇంకో నాలుగేళ్ళు రోజూ నిలబెట్టుకుంది.

పాటల్లో రెండు మూడు నాకు సగం సగం వచ్చు. మిగిలినవి ఆవిడతోనే పోయాయి. టేపు ఆ ఒక్క మాట దగ్గర అరిగిపోయింది.

ఆ సగం పాటలైనా కాగితం మీద పెడదామని, అత్తను సమాధి చేసిన నెలకి టీచరుగారి గుమ్మం ఎక్కాను.

"టీచరుగారండీ, నాకు చదవటం రాదండి."

"తెలుసమ్మా. పేపరు తలకిందులుగా పట్టుకునేదానివిగా."

"మరి ఎప్పుడూ అనలేదేంటండి?"

"నువ్వు అడుగుతావేమోనని చూశాను."

ఆవిడ దగ్గర గుణింతాలు పూర్తి చేసిన రోజున తెనాలి వెళ్ళి, ఆ మైకు బయటికి తీయించి, కళ్ళజోడు సవరించుకుని చదవబోయాను. రెండు వైపులా ఇంగ్లీషు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తెలియనిది తెలియదని చెప్పి పదిమందిలో అడుగుతాను. మైకు దగ్గర కూర్చుని ఏడవను. ఏడుపు ఆగకపోతే, దాని వీపు ఎటుందో కనుక్కుని, అటు వెళ్ళి ఏడుస్తాను.