మామ ఎదుట అరిచిన రోజు

మా అత్తకు జ్వరమొస్తే మా మామ ప్రాణం మీదికి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కళ్యాణదుర్గం నుంచి గుమ్మఘట్ట పక్క పల్లెకు కోడలిగా వచ్చాను. ఏళ్ల తరబడి సాగిన కరువు తర్వాత ఊరి పక్క డ్యాంలోకి నీళ్లొచ్చిన ఏడాది అది. మా శెనక్కాయ చేను అవతలి గట్టున, గుట్ట కింద ఉండేది. చుట్టూ తిరిగి నడవలేక అత్తా, మామా, నేనూ పొద్దున్నే పుట్టిలో దాటేవాళ్లం. వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి బుట్ట అది. ఒకరు కదిలితే అందరం ఊగేవాళ్లం.

గుట్ట మీద ఎలుగుబంట్లు ఉండేవి. నీళ్లకు దిగేవి, శెనక్కాయలు పెరికి తినేవి. మనిషి అలికిడి ముందే వింటే వాటి దారిన అవి పోతాయి. ఉన్నట్టుండి ఎదురుపడితేనే మీద పడతాయి. అందుకే గట్టు దగ్గరపడుతుండగానే అత్త సద్దిగిన్నె వాయిస్తూ ఊళ్లోవాళ్లందరినీ వరసపెట్టి తిట్టేది. ఆ నోటికి మనుషులే నిలిచేవాళ్లు కాదు, ఇక ఎలుగుబంట్లెంత! మామకు మాట తక్కువ. పైగా ఆ ఇంట్లో కోడలు మామ ఎదుట గొంతెత్తకూడదు. పెళ్లయి నెలలు గడిచినా ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఎరుగను.

ఆ రోజు అత్త జ్వరంతో పడుకుంటే మామా నేనూ బయలుదేరాం. ఆయన తెడ్డు వేస్తున్నాడు, నేను తల వంచుకుని కూర్చున్నాను. చప్పుడు చేయాలని ఇద్దరికీ తోచలేదు. అది అత్త పని కదా.

గట్టు వచ్చింది. మామ మోకాటిలోతు నీళ్లలోకి దిగి, నా వైపు తిరిగి, తాడు పట్టుకుని పుట్టిని లాగుతున్నాడు. ఆయన వెనక తుమ్మచెట్ల పక్కన నల్లగా ఏదో లేచింది. ఎలుగుబంటి. దాని వీపు మీద రెండు పిల్లలు. కంగారుగా చెయ్యి ఊపాను. కోడలి వంక చూడకూడదని మామ మర్యాదగా ముఖం పక్కకు తిప్పుకున్నాడు!

మర్యాద మండిపోనీ అనిపించింది.

"మామా! ఎలుగ్గొడ్డు! పుట్టి ఎక్కు!"

ఆయన పరుగెత్తలేదు. మెల్లగా పుట్టిని లోతుకు నెట్టి అంచు పట్టుకున్నాడు. నేను రెండో పక్కకు ఒరిగి బరువు ఆనించాక ఎక్కాడు.

"నీళ్లల్లో ఉండామని ధీమా వద్దు. దానికీ ఈత వస్తాది. అరుస్తానే ఉండు," అన్నాడు తెడ్డు వేస్తూ.

అరిచాను. అత్త తిట్లన్నీ నా నోట వచ్చాయి. ఎలుగుబంటి కాసేపు గాలి వాసన చూసి, పిల్లలతో సహా గుట్ట ఎక్కిపోయింది. ఆయన బతికాడని నాకు ఏడుపొచ్చింది.

పుట్టిని గట్టు వెంట నడిపిస్తూ ఆయన, "యాడ దిగుదామమ్మా?" అని అడిగాడు.

అలవాటుగా చేత్తో చూపించాను.

"చెయ్యి కాదు. నోటితో చెప్పు," అన్నాడు మామ.

"ఆడ వద్దు మామా. చెట్లు లేనికాడ, ఈడ దిగుదాం," అన్నాను గట్టిగా.