గోడ మీది గీతకు బొట్టు

ఆ ఇంజనీరు పిల్లది సముద్రం ఒడ్డున ఉన్న పట్నం. వరద తీసిన వారానికి మా మెదక్ గల్లీకి వచ్చింది. నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఒంటి మీదే చూపించమంది. నేను నడుం మీద చెయ్యి పెడితే, గోడకు సరిగ్గా అంత ఎత్తున నీలి గీత గీసింది.

"అమ్మా, బియ్యం డబ్బా ఈ గీతకు పైనే పెట్టుకోండి."

"మరి నేనేడ పండాలె బిడ్డా, అటుక మీదనా?" అంటే పడీపడీ నవ్వింది.

దసరాకు సున్నం వేస్తూ ఆ గీతను వదిలేశాను. గడపకు పెట్టినట్టే దానికీ పసుపు రాసి బొట్టు పెట్టాను.

"మొగుడు పోయినదానివి, గా బొట్టు నీకెందుకే?" అంది పక్కింటామె.

"నాకు గాదు, గోడకు."

ఫోన్లో ఈ మాట చెబితే ఆ పిల్ల మళ్లీ నవ్వింది. ఇప్పుడు వాళ్ల పట్నంలో, వరదొస్తే ఎవరిని ముందు తరలించాలో తెలియడానికి ఇంటింటికీ అలాంటి గీతలే గీస్తోంది. అయినా ఇక్కడ వాన పడితే చాలు, ఫోన్ చేస్తుంది.

"అమ్మా, గీత కనబడుతోందా?"

కనబడితే నీళ్లు దానికి కిందే ఉన్నట్టు.

మొన్న వాళ్ల పట్నం మీదికి తుఫాను వచ్చిందని టీవీలో చెప్పారు. పొద్దుటి నుంచి నేనే ఫోన్ చేస్తూ ఉన్నాను. సాయంత్రానికి ఎత్తింది.

"బిడ్డా, మీ ఇంట్ల గీత కనబడ్తుందా?"

"కనబడుతోందమ్మా. బొట్టు కూడా తడవలేదు."