సరోజమ్మ ఆకలి

మా ప్రొద్దుటూరు సంఘంలో ఎవరింట్లో చావు జరిగినా, అందరికంటే ముందు అన్నం గిన్నెతో చేరేది సరోజమ్మే. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు; అయినవాళ్లే వండి తెచ్చి, దగ్గర కూర్చుని తినిపించాలి. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఆ పని ఆమె ఎవరికీ వదల్లేదు. మనిషికి కాలు ఒకచోట నిలవదు. ప్రార్థనలో కళ్లు మూసుకుని కూడా తర్వాత ఎవరింటికి పోవాలా అని ఆలోచించే రకం.

ఆమె పుట్టింది, మెట్టింది రాజుపాలెం వైపు రెడ్ల ఇళ్లలో. భర్త ఆదినారాయణ గుడికీ పోడు, చర్చికీ రాడు. ఆదివారం ఆమెను స్కూటర్ మీద గేటు దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా ఎదురు అంగట్లో టీ తాగుతూ కూర్చునేవాడు. మొన్న గుండెపోటుతో పోయాడు. బావగారి వాళ్లు శవాన్ని పల్లెకు తీసుకుపోయి మట్టి చేశారు. నిన్న సాయంత్రం ఆమెను ఇంటి దగ్గర దింపిన తోడికోడలు, "నీకు మీ సంఘమోళ్లుండారు కదా, వాళ్లే చూసుకుంటార్లే" అనేసి ఆటో తిప్పించుకుంది. పక్కింటి గుమ్మంలో నిలబడి విన్న నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ పొద్దున సంఘమంతా వచ్చింది. పాడాం, ప్రార్థన చేశాం. "మనమంతా దేవుని కుటుంబం సిస్టర్, మీరు ఒంటరివారు కారు" అన్నారు పాస్టరు ఎబినేజరు గారు. సరోజమ్మ మాత్రం కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వాకిలికీ తిరుగుతూనే ఉంది. వచ్చిన ప్రతి మనిషి చేతుల వంకే చూస్తోంది. అందరూ పోయాక బల్ల మీద అరటిపళ్లు, బిస్కెట్లు, బియ్యం మిగిలాయి. నేను తెచ్చింది బ్రెడ్డు. వండిన మెతుకు ఒక్కటి లేదు.

"మధ్యాన్నమైపాయ. ఒక్కరూ అన్నం తేలేదేంది గ్రేసూ? నేను మీకేమీ కానా?" అంది.

నా నోరు ఊరుకోదు. "నువ్వు ఎప్పుడన్నా మా ఇండ్లల్లో చెయ్యి కడిగినావా అక్కా? క్రిస్మస్ విందులో అందరికీ వడ్డించి, ఆకల్లేదని ఇంటికి పోతావు. లక్ష్మమ్మత్త సంగటి పెడితే పథ్యమంటివి. మా చేతి కూడు నీకు పడదని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ వండి తేలేదు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె బియ్యం సంచిని పక్కకు నెట్టింది.

"పథ్యం కాదే. మా అత్త నేర్పిన బుద్ధి. బాప్తిస్మం నీళ్లలో మునిగినా పోలే" అని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. మొగుడు పోయిన ఆడమనిషి గడప దాటకూడదంటారు. వీధంతా నోరు తెరిచి చూస్తోంది. ఆమెకు అదేమీ పట్టలేదు. నేను వెనక పరుగెత్తాను.

లక్ష్మమ్మ ఇల్లు వీధి చివర. ఒకప్పుడు సరోజమ్మ మామ పొలంలో కలుపు తీసిన మనిషి ఆమె. చర్చిలో 'సిస్టరు' అంటుంది, గేటు దాటితే 'రెడ్డెమ్మా' అంటుంది. మమ్మల్ని చూసి గాబరాగా లేచింది.

"ఏంది రెడ్డెమ్మా, ఈ ఎండలో? కబురు చేసుంటే నేనే వద్దును కదా!"

"ఆకలైతాంది లక్ష్మక్కా. నీ కుండలో ఏముంటే అది పెట్టు."

లక్ష్మమ్మ నా మొహం చూసింది. "సంగటి, పుల్లగూర. మీకు..."

"పెట్టక్కా."

లక్ష్మమ్మ కొంగుతో కుర్చీ తుడిచేలోపే సరోజమ్మ నేల మీద కూలబడింది. తట్టలో సంగటి ముందుకొచ్చాక మొదటి ముద్ద నోటిదాకా పోయి ఆగింది. కళ్లు గట్టిగా మూసుకుని మింగేసింది. రెండో ముద్దకు బోరుమంది. శవం దగ్గర కూడా అంతగా ఏడవలేదు. ఏడుస్తూనే తింటోంది, తింటూనే ఏడుస్తోంది.

దూరంగా నిలబడ్డ లక్ష్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"నిదానంగా తిను సరోజా" అంది. "ఇంగో ముద్ద పెడతా."