కౌది మూలలో జొన్నగింజలు

రంగవ్వకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలు పోయించుకునేటప్పుడు వేలు ముంచి చూస్తుంది. బస్సెక్కితే ఊరి పేరు కండక్టరును ఒకసారి, పక్క సీటు మనిషిని ఒకసారి అడుగుతుంది. మొగుడు ఉలిగప్ప సిరవార సంతకు పోయొస్తే, నిజంగా సిరవారకే పోయాడా అని చెప్పులకు అంటిన మట్టి పరీక్ష చేస్తుంది. నలభై రెండేళ్ల కాపురంలో ఉలిగప్ప ఎంత అలవాటు పడ్డాడంటే, అడక్కముందే గడపలో చెప్పులు తిరగేసి చూపించి మరీ లోపలికొస్తాడు.

అయితే ఆ అనుమానానికి ఒకచోట గిరాకీ ఉంది. తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో, కృష్ణకు ఇవతలున్న వాళ్ల ఊళ్లో ఏడుగురు ఆడవాళ్లు కలిసి పాత చీరలతో బొంతలు కుడతారు. ఆ దిక్కున వాటిని కౌదులంటారు. రాయచూరు టౌనులో ఉండే సహన అనే అమ్మాయి ఆ కౌదులు తీసుకుని బెంగళూరులో ఒక దుకాణానికి పంపుతుంది. దుకాణం వాళ్లకు అంతా నూలే కావాలి, చేతికుట్టే కావాలి, పొరల మధ్య ఇంకేమీ ఉండకూడదు. నూలో కాదో తేల్చే పెద్దరికం రంగవ్వది. ప్రతి చీర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లకు చూపిస్తుంది. బూడిదై రాలితే నూలు. ముద్ద కట్టి వేలు కాలిస్తే పాలిస్టర్, ఆ చీర ఇచ్చినవాళ్లు దొంగలు.

కుట్టు ఆమెకు అత్త నేర్పింది. అప్పట్లో ఇంటింటికీ పోయి, వాళ్ల పాత బట్టలు వాళ్ల వసారాలోనే కూర్చుని కుట్టి ఇచ్చేవాళ్లు. ఆఖరు మూల మూసే ముందు ఐదు జొన్నగింజలు లోపల వేయాలి. కడుపు ఖాళీగా ఉన్న కౌది కప్పుకున్నవాళ్లను నిద్ర పోనివ్వదని అత్త చెప్పేది. ఊళ్లోవాళ్లకు కుట్టేటప్పుడు రంగవ్వ ఇప్పటికీ వేస్తుంది. అందుకే ఆమె కొంగు చివర ఎప్పుడూ చిటికెడు జొన్నలు ముడేసి ఉంటాయి. దుకాణం కౌదుల్లో మాత్రం వేయొద్దని సహన మొదటిరోజే చెప్పింది. ఆ మాట మిగతా ఆరుగురి చెవులు చిల్లులు పడేలా చెప్పిందీ రంగవ్వే.

ఒకరోజు సహన ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది.

"రంగవ్వా, మూడు కౌదులు ఖరాబ్ అయినయంట. మూలల జొన్నలున్నయి, పురుగు పట్టింది. పక్కన పెట్టిన బట్టలకు గూడ పాకిందని అన్నీ కాలబెట్టిండ్రు. ఇంకొక్కసారి గిట్లయితే ఆర్డర్ బంద్ చేస్తరు. ఎవరు పెట్టిండ్రో మీరే జర కనుక్కోండి."

అలాంటి పని ఒకరు చెప్పాలా రంగవ్వకు? ఆ పూట నుంచే ఆమె కళ్లు పని మొదలుపెట్టాయి. రామాబాయి తక్కువ మాట్లాడుతుంది కాబట్టి ఏదో దాస్తోందనుకుంది. ఆనందమ్మ ఎక్కువ మాట్లాడుతుంది కాబట్టి ఏదో కప్పిపుచ్చుతోందనుకుంది. ఆఖరికి చూపు మంజమ్మ మీద నిలిచింది. మంజమ్మ ఈ ఊరి ఆడపడుచే. తుర్విహాళలో మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లలతో తల్లి దగ్గరికి తిరిగొచ్చింది. సూది పట్టడం నేర్పింది రంగవ్వే. మంచి పనిమంతురాలు, అది నిజమే. కానీ అందరూ తిండికి లేస్తే మంజమ్మ ఎందుకు లేవదు? గోడవైపు తిరిగి ఏం చేస్తుంటుంది?

నాలుగోరోజు మధ్యాహ్నం రంగవ్వ అందరితోపాటు, వాళ్లు కూర్చుని కుట్టే సముదాయ భవనం నుంచి బయటికొచ్చి, సగం దారిలో వెనక్కి తిరిగింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గర నిలబడి తొంగి చూసింది. మంజమ్మ ఒడిలో కౌది ఉంది. అది రంగవ్వ పొద్దున పూర్తిచేసిన కౌది. దాని మూల విప్పి ఉంది. మంజమ్మ అరచేతిలో ఐదు జొన్నగింజలు.

"దొరికితివి గదనే!" రంగవ్వ చెయ్యి పట్టేసుకుంది. "నా కౌదిల గింజలు పెట్టి నా మీదికి తోద్దామనుకుంటివా? నీకు సూది పట్టనీకె నేర్పినందుకా?"

కేకలకు ఆడవాళ్లు తిండి వదిలేసి పరిగెత్తుకొచ్చారు. మంజమ్మ ఏదో చెప్పబోయి, చుట్టూ చేరిన వాళ్లను చూసి ఆగిపోయింది.

"నేను పెట్టలే పెద్దమ్మా" అంది చివరికి.

"మరి ఎగురుకుంట వచ్చినయా?"

మంజమ్మ సూది కౌదికి గుచ్చిపెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. రంగవ్వ నిలబడ్డచోటి నుంచే సహనకు ఫోన్ చేసి దొంగ దొరికిందని చెప్పింది. మంజమ్మను ఇక పనికి రావొద్దనమని సహన అంది. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ సాయంత్రం రంగవ్వకు చాలా సంతోషంగా ఉంది. తన అనుమానం వమ్ము కాలేదన్న సంతోషం అది. ఉలిగప్పకు రెండుసార్లు చెప్పింది, మూడోసారి మొదలుపెడితే అతను బయటికి పోయి కూర్చున్నాడు.

మంజమ్మకు తోడుదొంగ ఎవరైనా ఉంటే? అందుకని ఆ రోజు నుంచి ఎవరు కుట్టిన కౌదైనా మూలలు నొక్కి చూసి, తన ఇంటికే మోసుకుపోయి ఇనుప పెట్టెలో పెట్టింది. తను కుట్టినవాటిని నొక్కి చూసే పనే లేదు గదా, అవి నేరుగా పెట్టెలోకే పోయాయి. తాళంచెవి నడుముకు కట్టుకుంది.

వారం తిరిగింది. మర్నాడు సహన బండి పంపుతుందనగా, రంగవ్వ పగటిపూట వాకిట్లో చాప పరిచి కౌదులు లెక్కపెట్టి మడతలేస్తోంది. మడత సర్దుతుంటే మూడో కౌది మూలలో ఏదో బొటనవేలికి గట్టిగా తగిలింది. రామాబాయేనా? ఆనందమ్మా? కుట్లు చూసింది. బియ్యపుగింజంత, ఒక్కటీ వంకర పోని కుట్లు. అవి తనవి. విప్పింది. ఐదు జొన్నలు రాలాయి. ఇంకో కౌది తీసింది. అందులోనూ ఐదు.

మంజమ్మ పనిలో లేదు. కుట్టింది తను, మూసింది తను, మోసుకొచ్చి పెట్టెలో పెట్టింది తను. తాళంచెవి తన నడుము వదల్లేదు. ఉలిగప్పకేసి చూసింది. అతను గడప మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

"నా దిక్కేం చూస్తవే? నాకు సూదిల దారం ఎక్కియ్యనీకె గూడ రాదు. ఇగ ఎవ్వరి మీద అనుమానం పెడ్తవు, మిగిలింది నువ్వే గద" అన్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి చూసుకుంది. పోయిన వారం ఇరవై గింజలు కట్టిన ముడిలో ఇప్పుడు పదే ఉన్నాయి. ఈ నెలలో ఊళ్లోవాళ్లకు ఒక్క కౌదీ కుట్టలేదు. అప్పుడు అర్థమైంది, మంజమ్మ ఆ గింజలు పెట్టడం లేదని, తీస్తోందని. రంగవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది.

మంజమ్మ ఇంట్లో చీరలు మూట కడుతోంది. సిరవార దిక్కు కాలువ పొలాల్లో వరినాట్లకు కూలీలు పోతున్నారట. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి ఆమె కూడా పోతోంది. సాయంత్రం ట్రాక్టరు వస్తుంది.

"గింజలు ఏసింది నేనే" అంది రంగవ్వ గడపలోంచే. "తెల్వక ఏసిన."

"నాకు తెలుసు పెద్దమ్మా."

"ఎన్నాళ్ల సంది?"

"ఏడాది దాటింది. నువ్వు మాట్లాడుకుంటనే ఏస్తవు. నీ చెయ్యి ఏం చేస్తుందో నీకే తెల్వది. అందరు తిననీకె పోయినంక నేను తీసి మల్ల కుడ్తుంటి. మా అత్త దినాలకని తుర్విహాళకు పోయుంటినే, ఆ వారం తీయనీకె కాలే. ఆ మూడు అవే."

"మరి ఆ దినం ఎందుకు చెప్పకపోతివే?"

"అందరి ముంగట నీ పేరు తీయాల్నా?" మంజమ్మ మూట ముడి బిగించింది. "చెప్పినా, నువ్వు నమ్ముతుంటివా?"

నమ్మేదాన్నే అనాలని రంగవ్వ నోరు తెరిచింది. ఆ అబద్ధం నాలుక మీదికి రాలేదు.

"లేదు" అంది.

ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే మంజమ్మే ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుంది. ఫోన్ తీసి, మంజమ్మ కూడా వినేలా సహనకు కలిపింది. "సహనమ్మా, దొంగ దొరికిందంటి గద, తప్పు జెప్పిన. పెట్టింది నేను. తీసింది మంజమ్మ. తీసేస్తే నన్ను తీసెయ్యండి."

సహన అడిగింది, "మరి ఇప్పుడెట్ల రంగవ్వా? మల్ల ఏయరని నేనెట్ల నమ్మాలె?"

రంగవ్వకు తన చేతిని తనే నమ్మే స్థితి పోయింది. మంజమ్మ ఆమె చేతిలోంచి ఫోన్ అందుకుంది.

"అక్కా, నేను మంజమ్మను. పెద్దమ్మ కౌదులకు ఆఖరు మూల నేను మూస్త. కుట్టేదంత ఆమెనే కుట్టనియ్యండి."

సహన సరేనంది. ఫోన్ పెట్టేశాక రంగవ్వ మంజమ్మను ఎగాదిగా చూసింది. దీనికేం లాభం, ఎందుకు చేస్తోందిదంతా అన్న ప్రశ్న అలవాటుగా గొంతు దాకా వచ్చింది. అడగలేదు. నేల మీద చతికిలబడి, సిరవారకు కట్టిన మూట దగ్గరికి లాక్కుని ముడి విప్పడం మొదలుపెట్టింది.