ఎముకల వార్డులో గుదిబండ

బేతంచర్ల దగ్గరి నాపరాయి గనుల్లో నరసన్నకు మంచి పేరుండేది. బండ మీద సుత్తితో అక్కడక్కడ తట్టి, తల వంచి విని, పొర ఎక్కడ విడిపోతుందో చెప్పేవాడు. చెప్పిన చోటే ఉలి పెట్టేవాడు. బండ అప్పడంలా లేచి వచ్చేది. పని చేసేటప్పుడు మాట్లాడేవాడు కాదు. పక్కవాళ్ళు మాట్లాడుకుంటే వద్దనేవాడూ కాదు, వినేవాడూ కాదు, అంతే.

ఆ పనంతా గొంతుకూర్చునే చెయ్యాలి. మడమలు రెండూ నేలకు ఆన్చి, మోకాళ్ళు చంకల కిందికి వచ్చేట్టు కూర్చుంటే చెవి బండకు దగ్గరవుతుంది, దెబ్బ బరువు చేతికి తెలుస్తుంది. పీట వేసుకొని కూర్చునేవాళ్ళు కంకర కొట్టుకోవలసిందే, పలక తీయలేరు. నరసన్న పొద్దున కూర్చుంటే ఎండ నెత్తికెక్కేదాకా లేచేవాడు కాదు.

గనుల్లో ఒక కట్టుబాటు ఉంది. తీసిన బండను మోకుకు కట్టి, గిలక మీదుగా పైకి లాగుతారు. మధ్యలో ఎందుకైనా ఆపవలసి వస్తే, వేలాడే బండ కింద కొయ్య మొద్దు పెట్టందే ఎవరూ అక్కడి నుంచి కదలకూడదు. మోకు తెగినా, ముడి జారినా బండ మొద్దు మీద కూర్చుంటుంది, మనిషి మీద కాదు. కొత్తగా చేరినవాడికి ఉలి పట్టుకోవడం కన్నా ముందు మేస్త్రీ అయ్యన్న నేర్పేది ఇదే.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు, ఎండలు ముదిరే రోజుల్లో, ఒక బండ సగం లేచి ఆగింది. మొద్దు పెట్టవలసినవాడు నీళ్ళు తాగడానికి పోయాడు. అది చూసి నరసన్న తానే మొద్దు తీసుకొని వంగాడు. ముడి జారింది. బండ అంచు అతని కుడి తొడ మీద పడింది.

గనిలోని వాళ్ళంతా గుమిగూడారు. కొలిమిగుండ్ల వైపు విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడున్నాడు, బండి కడదామని ఒకరన్నారు. నరసన్న భార్య ఓబులమ్మ ఒప్పుకోలేదు.

"నా తమ్మునికి ఆయప్పే గదా కట్టింది! చెయ్యి ఇప్పటికీ వంకరగానే ఉండాది. కాలు గూడా అట్లే అయితే ఈ మనిషి బండ ముందర యాడ కూచుంటాడు? కర్నూలుకే పోదాం."

తలుపు చెక్క ఒకటి ఊడదీసి, కాలిని దానికి కట్టి రైలెక్కించారు. ద్రోణాచలంలో బండి మారి కర్నూలు పెద్దాసుపత్రి చేర్చారు.

ఎముకల డాక్టరు శ్రీనివాసులు నంద్యాల వైపు మనిషి. మద్రాసులో చదివినా మాట మారలేదు. ఎక్స్‌రే చూసి, మంచం పక్కన నిలబడి అంతా విడమరిచి చెప్పాడు.

"చూడప్పా, తొడ ఎముక రెండు ముక్కలైంది. తొడ కండలు పీకి, కింది ముక్కను పై ముక్క పక్కకు ఎక్కించినాయి. దాన్ని కిందికి లాగి, ఎదురెదురుగా నిలబెట్టాల. నిలబెడితే ఎముక తానే అతుక్కుంటుంది, అతికించేది మేం కాదు. మూడు నెలలు ఈ మంచమే నీ ఇల్లనుకో. మొదట్లో నొప్పి ఉంటుంది. లేచినాక మోకాలు బిగుసుకొని ఉంటుంది, వంచి వంచి దారికి తెచ్చుకోవాల. పాదం, వేళ్ళు ఆడిస్తా ఉండు. తొడ మాత్రం కదలగూడదు."

అప్పటికే నొప్పికి సూది వేసి ఉన్నారు. ఓబులమ్మ చీటీ కోసం బయట వరుసలో ఉంది. ఆ మాటలన్నింటిలో నరసన్న చెవిలో నిలిచింది చివరి ముక్క ఒక్కటే: కదలగూడదు.

మత్తు దిగాక చూసుకుంటే మోకాలి కింద ఎముకలో అడ్డంగా సన్నని ఉక్కు కడ్డీ ఉంది. దానికి కట్టిన తాడు మంచం చివరి గిలక మీదుగా పోయి కిందికి దిగింది. తాడు కొసన ఇసుక సంచి వేలాడుతోంది. మంచం కాళ్ళవైపు రెండు కోళ్ళ కిందా ఎత్తు పెట్టి ఉంది. వార్డులో కట్లు కట్టే ఆనందం అనే మనిషి వంగి తాడు ముడి సరిచూస్తున్నాడు. కోయిలకుంట్ల దగ్గరి పల్లెలో చర్చి పక్క ఇల్లు అతనిది. చేతులు పనిలో ఉన్నంతసేపూ గొంతులో ఏదో కీర్తన సన్నగా తిరుగుతూ ఉంటుంది. అతను ముడి వేసిన తీరు చూసి నరసన్న, ఇతను పనివాడే అనుకున్నాడు.

"ఏందప్పా ఇది?" అన్నాడు, సంచిని చూపించి. "దొంగగొడ్డుకు కట్టినట్టు గుదిబండ కట్టినారే! ఈ కాలితో నేను యాడికి పారిపోతాననుకుంటిరి?"

ఆనందం పెద్దగా నవ్వాడు. "నీ అసుమంటోళ్ళను నమ్మేదానికి లేదప్పా. పోతే మంచంతో గూడా పోవాల నువ్వు."

చేలో పడి మేసే గొడ్డు మెడకు కట్టే మొద్దును గుదిబండ అంటారు. ఆ మాట వార్డంతా పాకింది. పక్క మంచాల వాళ్ళు "గుదిబండ ఎట్లుండాది నరసన్నా?" అని పలకరించేవాళ్ళు. ఆనందం కూడా పొద్దున వస్తూనే "గుదిబండ కులాసానా?" అనేవాడు. అందరికీ అది నవ్వులాట. నరసన్నకు మాత్రం నవ్వులాటే కాదు, నమ్మకం కూడా. కదలగూడదన్నారు, కదలకుండా బరువు కట్టారు. అతనికి ఇందులో తెలియనిదేమీ కనబడలేదు.

డాక్టరు అప్పుడప్పుడు టేపు తెచ్చి, నడుం ఎముక నుంచి చీలమండ దాకా రెండు కాళ్ళూ కొలిచేవాడు. కుడికాలు పొట్టిగా ఉంది. మొదటి రోజుల్లో కొంచెం కొంచెం సాగుతూ వచ్చింది. "దారికొస్తాండాది" అనేవాడు.

ఒక ఆదివారం మేస్త్రీ అయ్యన్న బనగానపల్లె మామిడిపండ్లు సంచిలో వేసుకొని వచ్చాడు. వరసకు ఓబులమ్మకు మేనమామ. మంచం దగ్గరికి వచ్చి పండ్ల సంచి కింద పెట్టబోయి, అలాగే ఆగిపోయాడు. చూపు ఇసుక సంచి మీద ఉంది.

"రేయ్ నరసా, దీని కింద మొద్దు యాడరా?"

"అది ఇసకే మామా, రాయి గాదు."

"ఇసకయితే బరువు గాదా? కాలు ఇరగ్గొట్టుకొన్నా బుద్ధి రాలేదే నీకు! తాడు తెగి దబ్బున పడితే ఆ అదురుకు నీ ఎముక నిలబడ్తాదా?"

నరసన్న సంచి వైపు చూశాడు. నిజమే అనిపించింది. అయ్యన్న చుట్టూ చూసి, ఓబులమ్మ కూర్చునే ముక్కాలిపీట లాగి, సంచి కిందికి తోశాడు. ఎత్తు చాలక వరండాలోంచి ఒక ఇటుక తెచ్చి దాని మీద పెట్టాడు. సంచి దాని మీద ఆనింది. అయ్యన్న చేతులు దులుపుకొని, "ఇంగ నిమ్మళంగా పండుకో" అన్నాడు.

వింతగా, నొప్పి కూడా నిమ్మళించింది. తొడలో పొద్దస్తమానం పీకే పీకుడు పోయింది. నరసన్న ఆ సాయంత్రం కడుపునిండా తిని, కన్ను మూసి, తెల్లారేదాకా కదల్లేదు.

"శానా సుఖంగా ఉండాది" అన్నాడు భార్యతో.

ఆ ఒక్క మాట ఓబులమ్మకు చాలు. తెల్లవారక ముందే ఊడ్చేవాళ్ళు వస్తారని పీట తీసేసేది. సాయంత్రం ఆనందం తాడు సరిచూసి ఇంటికి పోయాక మళ్ళీ పెట్టేది. గాలి తగలకుండా మంచం చివర దుప్పటి ఆరవేసినట్టు వేసేది. దాచాలని కాదు. ఊడ్చేవాళ్ళకు పీట అడ్డమని, పగలు తాను కూర్చునేది దాని మీదేనని, రోగికి గాలి మంచిది కాదని, అంతే. కాని దుప్పటి చాటున ఏముందో ఎవరికీ తెలియలేదు.

తర్వాతిసారి కొలిచినప్పుడు డాక్టరు ముఖం చిట్లించాడు. కాలు సాగలేదు సరికదా, వచ్చింది కూడా వెనక్కి పోయింది. బరువు పెంచమన్నాడు. ఆనందం సంచిలో ఇంకా ఇసుక పోశాడు. మళ్ళీ కొలిస్తే అంతే. డాక్టరు టేపు చుట్టి జేబులో వేసుకొని, ఆ పీట మీదే కూర్చున్నాడు.

"నరసన్నా, దాపరికం లేకుండా చెప్తా. ఎముక అతుక్కునేదానికి మొదలుపెట్టింది. ఇట్ల ఒకదాని పక్కకు ఒకటి ఎక్కినట్టే గట్టిపడితే కాలు పొట్టిగా నిలిచిపోతుంది. నడుస్తావు, కుంటుతావు."

"గొంతుకూచునేదానికి అయితాదా సార్?"

డాక్టరు తల ఎత్తాడు. "ఎందుకు?"

"నా పని అట్ల కూచోనే చెయ్యాల సార్."

"అట్లయితే కష్టమే. ఇంకో వారం చూస్తా. కాకుంటే మద్రాసుకు రాస్తా, కోసి సరిచేస్తారేమో."

ఆ పగలంతా నరసన్న పైకప్పు చూస్తూ పడుకున్నాడు. కంకర కొట్టే గుంపులో తన్ను ఊహించుకున్నాడు. పీట, సుత్తి, ముందర గులకరాళ్ళ కుప్ప.

సాయంత్రం ఓబులమ్మ అలవాటుగా పీట సంచి కిందికి జరిపింది. తొడలో పీకుడు ఆగింది. ఆగిన ఆ క్షణంలో నరసన్న తల తిప్పి తాడు వైపు చూశాడు.

"ఓబులా, ఆ దుప్పటి తియ్యి."

"గాలి తగుల్తాది..."

"తియ్యంటే తియ్యి."

ఆమె తీసింది. గిలకకు, సంచికి మధ్య తాడు వంగి వేలాడుతోంది. బండ మొద్దు మీద కూర్చుంటే మోకు వదులవుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచి అతను చూస్తున్నదే. గనిలో మోకు వదులైందంటే ఊపిరి పీల్చుకోవచ్చని అర్థం. ఇక్కడ ఆ మోకు రెండో కొస తన ఎముకకు కట్టి ఉంది.

"పీట తీసెయ్యి" అన్నాడు. "పొయ్యి ఆనందన్నను పిల్చుకరా. గేటు దాటింటాడో లేదో."

ఆనందం సైకిలు గోడకు ఆనించి, పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఆనందన్నా, ఈ గుదిబండ దేనికి కట్టినారు?"

"దేనికేంది? కాలు లాగేదానికి."

"నేను కదలకుండా కాదా?"

ఆనందం ముఖంలో నవ్వు రాబోయి ఆగింది. పక్కకు తీసిన పీటను, దాని మీది ఇటుకను, ఓబులమ్మను చూశాడు. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను ఎగతాళికి అన్న మాట నువ్వు నిజమనుకొంటివా సామీ! ఎవురు పెట్టినారు ఈ పీట?"

"మా మామ. తప్పు ఆయనది గాదులే. గనిలో అట్లనే పెట్టాల."

మరునాడు డాక్టరు వచ్చేసరికి ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. ఆనందం జరిగింది చెప్పాడు. డాక్టరు తిట్టలేదు.

"ఎప్పటి నుంచి?"

"మామిడిపండ్లు తెచ్చిన ఆదివారం నుంచి సామీ" అంది ఓబులమ్మ.

డాక్టరు తొడను నొక్కి చూశాడు. ముక్కలు అతికిన చోట ఇంకా కొద్దిగా ఆడుతోంది. "టైముంది" అన్నాడు. "బరువు రాత్రీ పగలూ లాగాల. అతుకు పడబోయేదాన్ని మళ్ళీ సాగదీస్తాం గనక ముందటికన్నా నొప్పెక్కువ. నొప్పికి సూదులు కొన్నే ఇస్తా. ఓర్చుకొంటావా?"

"లాగండి సార్."

లాగారు. ఆ రోజుల గురించి నరసన్న తర్వాత ఎవరితోనూ పెద్దగా చెప్పలేదు. పళ్ళు కొరికి, కళ్ళు తాడు మీద పెట్టి పడుకునేవాడు. తాడు బిగువుగా ఉంటే చాలు. ఓబులమ్మ పీటను తలవైపు పెట్టుకుంది. ఎవరైనా మంచం కాళ్ళవైపు నడిస్తే లేచి నిలబడేది.

అయ్యన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి చంకలో నిజం మొద్దే ఉంది, గని నుంచి తెచ్చింది. ఓబులమ్మ ఎదురుపోయింది.

"మామా, ఆడనే నిలబడు. ఆ మొద్దు బయట పెట్టి రా."

"ఏందే? పీట ఒరుగుతాదని మంచిది తెస్తి గదా!"

"నీ మంచితనం సల్లగుండ, నీ మొద్దుతో నా మొగుని కాలు జానెడు చేస్తివి. ఆ సంచి దిక్కు చూసినా ఊరుకోను."

వార్డంతా నవ్వింది. అయ్యన్న మాత్రం విషయం తెలిశాక నవ్వలేదు. మొద్దు వరండాలో వదిలేసి, నరసన్న తలాపున చాలాసేపు కూర్చున్నాడు. పోయేటప్పుడు, "ఈడ మోకు బిగువుండాల్నా?" అని అడిగి, తలాడించి పోయాడు.

కాలు కొంచెం కొంచెం కిందికి దిగింది. చివరికి రెండు కాళ్ళకూ మధ్య అర అంగుళం తేడా మిగిలింది. అక్కడితో ఆగింది. "ఇంతకన్నా రాదు" అన్నాడు డాక్టరు. ఎముక గట్టిపడ్డాక కడ్డీ తీశారు. మోకాలు కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. ఆనందం రోజూ మంచం అంచున కూర్చోబెట్టి, మడమ కింద చెయ్యి పెట్టి వంచేవాడు. "గుదిబండ తీసినాం గదప్పా, పారిపో ఇంగ" అనేవాడు. నరసన్న చెమటలు కారుతూ నవ్వేవాడు. చంకకర్రలతో వరండా చివరిదాకా, ఆ తర్వాత ఒక్క కర్రతో గేటుదాకా నడిచాడు.

వానలు తగ్గిన తర్వాత ఊరు చేరాడు. మోకాలు పూర్తిగా వంగడానికి చలికాలం దాటింది. వంగాక కూడా, ఆ అర అంగుళం తేడాకు, గొంతుకూర్చుంటే కుడి మడమ నేలకు ఆనలేదు. మడమ గాలిలో ఉంటే ఒళ్ళు ముందుకు తూలుతుంది, దెబ్బ పక్కకు పోతుంది.

ఒక పొద్దున గనిలో అందరికన్నా ముందు దిగాడు. పారేసిన నాపరాయి పెచ్చుల్లో వెతికి, ఒకటి తీసుకొని, అంచులు చెక్కి, పొర విప్పాడు. మందం వేలితో చూసుకొని ఇంకో పొర తీశాడు. దాన్ని కుడి మడమ కింద పెట్టుకొని మెల్లగా కూర్చున్నాడు. కొంచెం ఇటూ అటూ ఊగి చూశాడు. తూలలేదు.

అయ్యన్న పైనుంచి చూసి, "ఏమిరా, ఒంటికాలికి జోడు కుట్టించినావే!" అని అరిచాడు.

నరసన్న వినలేదు. బండ మీద సుత్తితో తట్టి, తల వంచాడు.